పచ్చచుక్క కోసం గుడివాడ దాకా

అవనిగడ్డ పోయే పల్లెవెలుగు బస్సు బందరు దాటి ఐదారు కిలోమీటర్లు వచ్చిందో లేదో, రోడ్డు పక్కన బానెట్ ఎత్తిన తెల్లకారు ముందు నిలబడి ఓ మనిషి రెండు చేతులూ ఊపాడు. అక్కడ స్టాపు లేదు. నీడ కూడా లేదు. మే నెల ఎండ తొమ్మిదిన్నరకే నెత్తి మాడుస్తోంది. కాలవలకి నీళ్ళు కట్టేసిన రోజులు కావడంతో పక్క కాలవలో బురద బీటలు వారి, ఎవరిదో చెప్పు ఒకటి అందులో నిటారుగా నిలబడి ఉంది. డ్రైవరు తిట్టుకుంటూనే బ్రేకు వేశాడు.

"ఎక్కండి సార్, ఎక్కండి," అన్నాడు కండక్టరు వెంకటాద్రి. "టిక్కెట్టు కొన్నవాళ్ళు నిలబడాలి, కొననివాళ్ళు కూర్చోవాలి. మా బస్సులో ఇదే రూలు."

ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితమైన దగ్గర్నుంచీ రోజుకి పదిసార్లు చెప్పే జోకే అది. అయినా వెనక నుంచి ఎవరో నవ్వారు. ఎక్కిన మనిషికి నలభై రెండు, నలభై మూడేళ్ళుంటాయి. పట్టు లాల్చీ, భుజాన లాప్‌టాప్ సంచీ, చెవి దగ్గర ఫోను. ఇరుక్కుంటూ వచ్చి నాలుగో వరస దగ్గర పైన కమ్మీ పట్టుకున్నాడు.

"సర్, నేను లైన్లోనే ఉన్నాను సర్. కారు ఆగిపోయింది. లేదు సర్, లీవు కాదు, ట్రావెల్లో ఉన్నానంతే. మధ్యాహ్నం కాల్‌కి తప్పకుండా వస్తాను. వీడియో ఆన్ చేస్తాను సర్. లొకేషన్ పెట్టమంటే పెడతాను."

ఆ నాలుగో వరసలో ఇవతలి సీటు అనీసాది. ఆమె తలెత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా. మూడేళ్ళ పాటు రోజూ పొద్దున్నే హెడ్‌ఫోన్లోంచి సూటిగా ఆమె చెవిలో పడ్డ గొంతు అది. వేలమందిలో ఉన్నా గుర్తుపడుతుంది. ఒళ్ళో ఉన్న అన్నం క్యారేజీని మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఆయన పేరు సుధన్వ. అనీసాకి పాత మేనేజరు. ఏడు నెలలుగా ఆమె ఫోను ఎత్తనివాడు. ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా ఆయన నోటి నుంచి ఒక్క మంచిమాట రాకపోతే, కొత్త ఉద్యోగం ఒకటి అనీసా గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది. బెంగళూరు కంపెనీ. మూడు ఇంటర్వ్యూలూ అయిపోయాయి. మిగిలింది పాత మేనేజరుతో ఒక్క ఫోను. ఆ కంపెనీలో మనుషుల్ని తీసుకునే అపర్ణ అనే ఆవిడ నిన్న రాత్రి మెసేజి పెట్టింది: "మీ సుధన్వ గారికి మూడుసార్లు చేశాం, తియ్యడం లేదు. రేపు ఐదింటికి ఈ పోస్టు క్లోజ్ చేసేస్తాం మేడమ్."

ఆ మనిషే ఇప్పుడు జానెడు దూరంలో, కమ్మీకి వేలాడుతూ, చెమటలు కక్కుతున్నాడు. అనీసాని ఒకసారి చూశాడు, కిటికీ వైపు చూశాడు, మళ్ళీ ఫోనులోకి చూసుకున్నాడు. గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? ఆయన చూసింది తెల్లగోడ ముందు హెడ్‌ఫోను పెట్టుకుని, చున్నీ కప్పుకున్న ఒక అగ్గిపెట్టెంత బొమ్మని. నల్ల బురఖాలో, క్యారేజీతో, పల్లెవెలుగు బస్సులో కూర్చున్న మనిషిని కాదు.

కంటికి కనబడనివాళ్ళ చేత పని చేయించుకోవడం బందరుకి కొత్తేం కాదు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ వర్తకానికి కొఠీ తెరిచినప్పుడు యజమానులు ఉండేది లండన్లో, గుమాస్తాలు ఉండేది ఈ ఉప్పుగాలిలో. ఉత్తరం పోవడానికి ఆరేడు నెలలు, జవాబు రావడానికి మరో ఆరేడు. ఫలానా గుమాస్తా మన పని మానేసి సొంత వ్యాపారం వెలగబెడుతున్నాడేమో కనుక్కోండి అని అక్కణ్ణుంచి ఉత్తరం బయల్దేరేది. అది ఓడ దిగేసరికి ఆ గుమాస్తా కాస్తా విషజ్వరం తగిలి ఏ సమాధి రాయి కిందో పడుకుని ఉండేవాడు. డచ్చివాళ్ళ రాళ్ళు బందరుకోటలో ఇప్పటికీ ఉన్నాయి, వాటి మీద చెక్కిన కత్తులూ కిరీటాలూ చూడ్డానికి ఎవరూ పోరు. ఆ కాలపు ఉత్తరాల కట్టలు తిరగేస్తే సరుకు సంగతి సగం, అనుమానం సగం. ఇప్పుడు ఆ అనుమానం చేరడానికి ఏడు నెలలు పట్టదు, ఏడు సెకన్లు చాలు. మనిషి సాధించిన ప్రగతి అంతవరకూ నిజం.

అనీసా పనిచేసిన కంపెనీ హైదరాబాదుది. ఆస్పత్రి బిల్లులూ, డిశ్చార్జి కాగితాలూ చదివి ఇన్సూరెన్సు ఇవ్వచ్చో లేదో తేల్చే పని. పరాయివాళ్ళ రోగాలన్నీ తెర మీద కనబడతాయి కాబట్టి షరతులు గట్టివి. పనిచేసే గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. తలుపు మూసి ఉండాలి. పొద్దున్న తొమ్మిదింటికి లాప్‌టాప్ చేత్తో పట్టుకుని గది నాలుగు మూలలూ తిప్పి చూపించాలి. కంపెనీ పుస్తకంలో రాయించిన ఇంటి నుంచే పని చెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, తెర మీద పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూ ఉండాలి. ఐదు నిమిషాలు చెయ్యి కదపకపోతే చుక్క పసుపుపచ్చ అవుతుంది. పది నిమిషాలైతే సుధన్వకి కబురు వెళ్తుంది.

ఇనగుదురుపేటలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. భర్త ఇలియాస్ గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీ పనివాడు. తెల్లవారుజామున బోట్లకి ఐసు దిమ్మలు ఎత్తి, ఎనిమిదింటికి ఇంటికొచ్చి నిద్రపోవాలి. ఆ నిద్ర లోపలి గదిలో అయ్యేది. అనీసాకి ఉద్యోగం వచ్చాక అది ముందు వరండాలోకి, నవారు మంచం మీదకి మారింది. మొదటివారమే సుధన్వ అన్నాడు: "మీ వెనకాల బీరువా, దాని మీద సూట్‌కేసులూ బాలేదండీ అనీసా గారూ. క్లయింటు చూస్తాడు." ఇలియాస్ ప్లైవుడ్డు చెక్క తెచ్చి, తెల్లరంగు వేసి, కుర్చీ వెనక నిలబెట్టాడు. అదే ఆ తెల్లగోడ. మధ్యాహ్నం నమాజు పిలుపు వినబడే వేళకి మైకు ఆపడం, చేపలామె కేక వెయ్యకుండా సందు మొదట్లోనే ఎదురెళ్ళి ఇలియాస్ బేరమాడటం, కుక్కరు పదకొండు దాకా పెట్టకపోవడం, ఇవన్నీ ఇంట్లో ఎవరూ రాయని చట్టాలయ్యాయి.

ఆ టీములో అందరూ ఇలా ఉండేవాళ్ళని కాదు. గుడివాడలో ఒకతను మౌసుని దారంతో టేబులుఫ్యానుకి కట్టి, ఫ్యాను అటూఇటూ తిరుగుతూ పచ్చచుక్క చల్లగా వెలుగుతుంటే, మొవ్వలో పెళ్ళిభోజనం చేసొచ్చాడు. ఇంకొకామె గోడగడియారం కింద పడుకోబెట్టి సెకన్ల ముల్లు మీద మౌసు పెట్టేది. "మీ నాన్నగారు గడియారాలవాళ్ళే కదా అక్కా, మంచి ముల్లున్నది ఒకటి చూసిపెట్టు," అని అనీసానే అడిగింది కూడా. అనీసా నవ్వి ఊరుకుంది. సాయంత్రం ఏడు తర్వాత కూడా చుక్క వెలిగించుకుని ఇంకో నాలుగు ఫైళ్ళు తేల్చేది.

వాళ్ళ నాన్న కరీముల్లా కోనేరు సెంటర్లో ముప్ఫై ఎనిమిదేళ్ళు గడియారాలు బాగుచేశాడు. ఆయన కొట్లో చీటీ అన్నది లేదు. ఎంత ఖరీదైన వాచీ అయినా సరే, చేతికిస్తారు, "గురువారం రండి" అంటాడు, గురువారం వస్తారు, అంతే. ఊరికి కొత్తగా ఉద్యోగానికొచ్చిన ఎవరైనా రసీదు అడిగితే ఆయన వాచీ తిరిగి ఇచ్చేసేవాడు. "చీటీ కావాల్సినవాడికి నేను సరిపోనండీ, వేరే కొట్లో చూసుకోండి" అనేవాడు. ఆ కొట్లో స్టూలు మీద కూర్చుని హోంవర్కులు రాసుకున్న పిల్ల అనీసా. మాటని కాగితం మీద పెట్టమని అడగడం అవతలి మనిషిని దొంగ అనడమేనని ఆమెకి అక్కడే ఒంటపట్టింది. తండ్రి పోయి ఆరేళ్ళయింది, కొట్టులో ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు. ఆ బుద్ధి మాత్రం అనీసాకి వదల్లేదు. కొంపముంచింది అదే.

సుధన్వది అవనిగడ్డ. మేస్టారి కొడుకు. అనీసాది బందరని తెలిసిన రోజు ఆయన ఆనందం చూడాలి. "మనవాళ్ళన్నమాట! ఇక్కడ హైదరాబాదులో ఇంట్లో కూచుని పనిచేసేవాళ్ళంటే ఎవరికీ నమ్మకం లేదండీ. మన వైపు వాళ్ళంటే అసలే లేదు. నా పరువు మీ చేతుల్లో ఉంది," అన్నాడు. మూడో ఏడు "మీ చుక్క చూస్తే నాకు ధైర్యం" అనేదాకా వచ్చింది. ఆ మాటని అనీసా ఇలియాస్‌కి రెండుసార్లు చెప్పింది. రెండోసారి అతను, "విన్నాను. పడుకోనీ," అన్నాడు.

పోయిన అక్టోబరు చివర తుఫాను వచ్చింది. డెబ్భై ఏడు ఉప్పెన చూసిన ముసలివాళ్ళు దివిసీమలో ఇంకా ఉన్నారు. గాలి దిక్కు మారితే వాళ్ళు ఎవరూ చెప్పకుండానే పెట్టె సర్దుకుంటారు. వాళ్ళ మనవళ్ళు ఫోనులో రంగురంగుల సుడి చూసి సర్దుకుంటారు. ముందు రోజు సాయంత్రానికే బందరులో కరెంటు తీసేశారు. నెట్టు పోయింది. టీములో కోస్తావాళ్ళు ఎనిమిదిమంది. ఏడుగురు లాప్‌టాపులు మూసి, కొవ్వొత్తులు వెతుక్కున్నారు.

అనీసాకి ఫోనొచ్చింది. ఆఫీసు కాల్ కాదు, మామూలు ఫోను.

"అనీసా గారూ, ఇది అఫీషియల్‌గా మెసేజి పెట్టలేనండీ. పైవాళ్ళు ఏమంటున్నారో తెలుసా? వానొస్తే చాలు కోస్తావాళ్ళంతా మాయమవుతారు, ఇళ్ళ నుంచి పని తీసెయ్యండి అంటున్నారు. రేపు ఒక్క చుక్కయినా వెలగాలి. ఎక్కడికైనా వెళ్ళండి, ఎలాగైనా లాగిన్ అవండి. నేను చూసుకుంటాను."

"వేరే ఇంటి నుంచి చెయ్యకూడదు కదా సర్?"

"నేను చూసుకుంటానన్నాగా."

నాలుగు నిమిషాల మాట. మెయిలు పెట్టమని అడగాలని ఆమెకి తోచనే లేదు. తోచినా అడిగేది కాదు.

గుడివాడలో అక్క రిజ్వానా వాళ్ళ అపార్టుమెంట్లో జనరేటరుంది. బస్సులు ఆపేశారు. ఐసు మీద కప్పే మందపాటి పాలిథీను పట్టాలో లాప్‌టాప్ చుట్టి, బిడ్డని కట్టుకున్నట్టు పొట్టకి కట్టుకుని, అనీసా ఇలియాస్ బండెక్కింది. పెడన దాటేదాకా ఫరవాలేదు. గుడ్లవల్లేరు దగ్గర గాలి బండిని పక్కకి తోసింది. తుమ్మకొమ్మ ఒకటి విరిగి ఇలియాస్ కుడి భుజం మీద పడింది. బండితో సహా ఇద్దరూ రోడ్డు మార్జిను బురదలో ఉన్నారు. అనీసా మొదట తడిమి చూసుకున్నది లాప్‌టాపునే. ఆ సంగతి ఇలియాస్ చూశాడు.  హాండిలు బరువంతా ఎడంచేతి మీదే మోపి గుడివాడ చేర్చాడు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదికి నాలుగు నిమిషాలుండగా పచ్చచుక్క వెలిగింది. పక్కగదిలో రిజ్వానా తమ్ముడిలాంటి మరిది ఇలియాస్ భుజానికి నూనె రాస్తుంటే అతను పళ్ళబిగువున ఉన్నాడు. కేక పెడితే మైకులో వినబడుతుందని. ఆ రెండు రోజుల్లో అనీసా ఒక్కతే నూటపన్నెండు ఫైళ్ళు తేల్చింది.

మూడోరోజు లాగిన్ కాలేదు. రాయించని చోటి నుంచి రోగుల కాగితాలు తెరిచినందుకు ఆమెని ఆపేశారు. తుఫానులో ఇంట్లో కూర్చున్న ఏడుగురికీ 'మీ కుటుంబం క్షేమమని ఆశిస్తున్నాం' అంటూ మెయిలూ, రెండు రోజుల ప్రత్యేక సెలవూ వచ్చాయి. టేబులుఫ్యాను కుర్రాడు వాళ్ళలో ఉన్నాడు.

వారం తర్వాత వీడియోలో విచారణ. నాలుగు గళ్ళు. ఒక గడిలో సుధన్వ.

"దారిలో మా ఆయన భుజం విరిగిందండీ. సార్ వెళ్ళమన్నారు," అంది అనీసా.

"ఈజ్ దట్ సో, సుధన్వ?" అని ఇంకో గడిలోంచి ఎవరో అడిగారు.

"చేతనైనంత ప్రయత్నించమన్నాను. రూలు దాటమని ఎవరికీ చెప్పను," అన్నాడాయన. ఆయన వెనక పుస్తకాల బీరువా ఉంది. దాన్ని ఎవరూ తియ్యమనలేదు.

పని పోయింది. ఇచ్చిన కాగితంలో 'నమ్మకాన్ని ఉల్లంఘించినందువల్ల' అని రాశారు. ఆ కాగితం చూసిన కంపెనీల్లో ఈ బెంగళూరుది తప్ప ఏదీ మళ్ళీ ఫోను చెయ్యలేదు. చల్లపల్లిలో ఒక ల్యాబులో బిల్లింగు కౌంటరు దొరికింది. రోజూ వెళ్ళిరావాలి. ఇలియాస్ భుజం అతికింది కానీ చెయ్యి పైకి లేవదు. ఐసు దిమ్మలు ఎత్తే మనిషిని ఇప్పుడు గేటు దగ్గర బోటు నంబర్లు రాసుకోమన్నారు. అతను ఒకే ఒక్కసారి అడిగాడు: "ఆ సారు అడిగాడా, నా భుజం గురించి?"

"అడిగారు," అంది అనీసా. ఆ ఇంట్లో వాళ్ళాయనతో ఆమె ఆడిన అబద్ధాల్లో అది పెద్దది.

బస్సు గతుకుల్లో పడి లేచింది. కిటికీ సీట్లోని ఝాన్సీలక్ష్మి కునుకు వదిలించుకుంది. చల్లపల్లి అవతల అంగన్‌వాడీ టీచరు, రోజూ ఇదే బస్సు, అదే కిటికీ. "ఇదిగో అమ్మాయ్, నిన్నటి సంగతి విన్నావా? పిల్లల మొహాలు ఫోనులో పట్టాలా, సిగ్నలు రాదా. పదిమందినీ కాలవగట్టెక్కించి ఫోటోలు తీశా. ఇద్దరికి ఎండదెబ్బ. హాజరు మాత్రం బ్రహ్మాండంగా పడింది."

అనీసా నవ్వలేదు. తలెత్తింది.

"గుడ్ మార్నింగ్ సర్," అంది. "నా వాయిస్ వినిపిస్తోందా?"

మూడేళ్ళు ప్రతి ఉదయం అదే మాటతో మొదలయ్యేది. సుధన్వ కిందికి చూశాడు. మొహంలో ముందు మర్యాద, తర్వాత భయం, ఆ తర్వాత మళ్ళీ మర్యాద వచ్చాయి.

"అనీసా గారూ! మీరు... అరెరె. బాగున్నారా? ఇంట్లో అంతా బాగున్నారా?"

"మీ ఫోను పాడైందేమో అనుకున్నానండీ. ఏడు నెలల నుంచి."

"అబ్బే, తెలియని నంబర్లు..."

"నాది తెలిసిన నంబరే కదండీ. తుఫాను రోజు మీరే చేశారు."

ఝాన్సీలక్ష్మి కునుకు పూర్తిగా మానేసి సర్దుక్కూర్చుంది.

సుధన్వ గొంతు తగ్గించాడు. "మీకు అన్యాయం జరిగిందండీ. కాదనను. కానీ ఆ వారం తీసెయ్యాల్సిన మేనేజర్ల లిస్టులో నా పేరుంది. ఒప్పుకుంటే ఇద్దరం పోయేవాళ్ళం. ఇద్దరం పోయి ఎవరికి లాభం చెప్పండి?"

"ఒకళ్ళం పోతే ఒకళ్ళకి లాభం," అంది అనీసా.

ఆయన లాల్చీ జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. నిజానికి ఆయన దుర్మార్గుడు కాదు. దుర్మార్గుడైతే అనీసాకి సులువుగా ఉండేది. షష్టిపూర్తి జరుగుతున్న బాబాయి ఇంటికి వెళ్తూ కూడా పై మేనేజరుకి లొకేషన్ పంపించుకుంటున్న మనిషి. తన మీదున్న అనుమానాన్ని కింది మెట్టు మీదకి దించి తాను తేలికపడ్డవాడు. కొఠీల కాలం నుంచీ ఇలాంటివాళ్ళే ఎక్కువ. దొంగలెప్పుడూ కొద్దిమందే.

అనీసా సంగతి చెప్పింది. బెంగళూరు, అపర్ణ, ఐదు గంటలు. బతిమాలలేదు. ఫైలు నంబరు చదివినట్టు చెప్పింది.

"ఇంతేనా! ఇప్పుడే చేసేద్దాం," అన్నాడు సుధన్వ, ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టు. అంతలోనే ఆగాడు. "ఒక్కటుందండీ. ఆవిడ ఆ గుడివాడ సంగతి అడుగుతుంది. కాగితంలో ఉంది కదా. మీ అంతట మీరే వెళ్ళారని చెప్తాను. పనంటే ప్రాణం, ఎవరినీ అడక్కుండా వెళ్ళిపోయారు, అదొక్కటే మీ తప్పు అని. మీరూ అదే చెప్పాలి."

"అది అబద్ధం కదండీ."

"అబద్ధమనకండి. మేనేజరు చెప్పాడంటే ఇదంతా గొడవ కేసనుకుంటారు. ఎవరూ తీసుకోరు మిమ్మల్ని. ఆత్రంతో చేశారంటే ముచ్చటపడతారు."

ఆయన చెప్పింది నిజమేనని అనీసాకి తెలుసు. చేదు అక్కడే ఉంది. కొత్తమాజేరు వచ్చింది, నలుగురు దిగారు, ఆరుగురు ఎక్కారు. వెంకటాద్రి "జరగండమ్మా, జరగండి" అంటున్నాడు. చల్లపల్లి ఇంక ఎంతో దూరం లేదు. అనీసా ఫోను తీసి అపర్ణ నంబరు చూపించింది.

సుధన్వ బస్సు హోరులో వినబడదని స్పీకరు పెట్టాడు. రోగుల కాగితాలు తలుపు మూసి చదవాలన్న మనిషి, అరవైమంది మధ్యలో మొదలెట్టాడు.

"అపర్ణ గారూ, సుధన్వని. సారీ అండీ, ట్రావెల్లో ఉన్నాను. అనీసా గురించి కదా? కళ్ళు మూసుకుని తీసుకోండి. నా టీములో నేను చూడకుండా నమ్మింది ఆవిడొక్కర్నే. ఆ తుఫానప్పుడు ఏమైందంటే, పని ఆగకూడదని, నాక్కూడా చెప్పకుండా, ఆ గాలివానలో గుడివాడ వెళ్ళిపోయారండీ! నేనైతే వద్దనేవాణ్ణి. అతి సిన్సియారిటీ, అదే వచ్చిన చిక్కు. ఇదిగో, నా పక్కనే ఉన్నారు."

ఎంత బాగా చెప్పాడంటే, ఝాన్సీలక్ష్మి అనీసా వంక మెచ్చుకోలుగా చూసింది.

"ఓ, ఆవిడ మీ పక్కనే ఉన్నారా? ఒకసారి ఇవ్వండి," అంది అపర్ణ గొంతు. "మేడమ్, ఒక్క మాట. తప్పు తమదని ఒప్పుకునేవాళ్ళు మాకు కావాలి. ఆ రోజు మిమ్మల్ని వెళ్ళమని ఎవరైనా చెప్పారా?"

సుధన్వ ఫోనుని ఆమె మొహం ముందు పట్టుకున్నాడు.  అనీసాకి ఇలియాస్ కుడిచెయ్యి గుర్తొచ్చింది. తల దువ్వుకోవడానికి ఈమధ్య మెడ కిందికి వంచుతాడు. లేని మాట ఒకటి అంటే, ఆ చెయ్యి సుధన్వ ఖాతాలోంచి తన ఖాతాలోకి వచ్చేస్తుంది. ఇంక అక్కడే ఉంటుంది.

"లేదండీ," అంది. "ఎవరూ చెప్పలేదు. నా అంతట నేనే వెళ్ళాను. మా ఆయన్ని కూడా నేనే తీసుకెళ్ళాను."

"గుడ్. నిజాయితీగా చెప్పారు, థాంక్స్. మధ్యాహ్నం ఆఫర్ లెటర్ పంపిస్తాం. ఇంటి నుంచే పని కదా, కెమెరా ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, ఓకేనా? మాకు నమ్మకం ముఖ్యం."

"ఓకే అండీ."

ఫోను పెట్టేశాక సుధన్వ పెద్దగా ఊపిరి వదిలాడు. వెనక ఎవరో "ఉద్యోగం వచ్చిందంట" అన్నారు. ఝాన్సీలక్ష్మి ఆమె చెయ్యి నొక్కింది. "మంచి సారమ్మా నీకు దొరికింది. మా సూపర్‌వైజరుంది చూడూ..."

చల్లపల్లి ఇళ్ళు మొదలయ్యాయి. అనీసా క్యారేజీ పట్టుకుని లేచింది. సుధన్వ ఆమె ఖాళీ చేసిన సీట్లో కూలబడి, లాప్‌టాప్ సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. మొహం తేటగా ఉంది. ఏడు నెలల బరువు తనకీ దిగినట్టే ఉంది.

"చూశారా, అయిపోయింది. మనలో మనం సాయం చేసుకోకపోతే ఎలా అండీ," అన్నాడు. "ఇంకో చిన్న మాట. నేనూ ఉద్యోగం చూసుకుంటున్నాను లెండి, ఇక్కడ ఎక్కువకాలం సాగేట్టు లేదు. నెట్‌లో నా పేజీ ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళని నమ్మే మేనేజరు అని మీరో నాలుగు మాటలు రాస్తే చాలా బరువుంటుంది. మీ అనుభవం ప్రకారమే రాయండి."

"సారడుగుతున్నారు, రాయి తల్లీ," అంది ఝాన్సీలక్ష్మి.

"చల్లపల్లి! చల్లపల్లి! దిగేవాళ్ళు ముందుకి రండమ్మా," అంటూ వెంకటాద్రి తలుపు మీద కొట్టాడు.

అనీసా సీటు అంచున ఇరుక్కున్న తన బురఖా చివర లాక్కుంది. సుధన్వ వంక చూసింది. ఆయన మొహంలో ఏదో వెతికినట్టు ఒక క్షణం ఆగింది. ఇలియాస్ భుజం గురించి అడుగుతాడేమోనని. ఆయన అడగలేదు. ఫోనులో తన పేజీ వెతుకుతున్నాడు.

మెట్లు దిగింది.

"అనీసా గారూ!" ఝాన్సీలక్ష్మి మీదుగా వంగి, కిటికీలోంచి తల బయట పెట్టి పిలుస్తున్నాడు సుధన్వ. "లింకు పంపిస్తాను, ఐదు నిమిషాల పని!"

అనీసా అప్పటికే ధాన్యం లారీ ముందు నుంచి రోడ్డు దాటి, సగం ఎత్తిన ల్యాబు షట్టరు కింద వంగి లోపలికి వెళ్ళిపోయింది.